గుత్తి నీలి సాలెపురుగు

గుత్తి అనగానే మనకు కొండమీది కోట జ్ఞాపకము వచ్చును. జంతుశాస్త్రజ్ఞులకు మాత్రము ఒక సాలెపురుగు జ్ఞాపకము వచ్చును. బ్రిటిష్ మ్యూజియములో పనిచేసిన రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ 1899లో దానిని వర్ణించి, పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టెను. ఆ నమూనా గుత్తిలో రైల్వేవారు కలప నిలువచేయు చోట దొరికినది.

తరువాత నూరేండ్లకు పైగా అడవిలో దాని జాడ ఎవరికిని తెలియలేదు. ఇది చెట్టు తొఱ్ఱలలో నివసించు జీవి. గుత్తి చుట్టుప్రక్కల దానికి తగిన అడవి లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్యనున్న అడవిలో ఇది మరల కనబడినది. అప్పుడు పాత చిక్కు విడిపోయినది: మొదటి నమూనా దుంగలతోపాటు రైలెక్కి గుత్తికి వచ్చియుండవలెను.

దీని నీలిరంగు అద్భుతమైనది. ఆ రంగు వర్ణద్రవ్యము వలన కలిగినది కాదు. రోమములలోని అతిసూక్ష్మ నిర్మాణము నీలికాంతిని పరావర్తనము చేయుటవలన కలుగుచున్నది. ఈ అందమే దానికి ఆపద తెచ్చినది. ఐరోపా, అమెరికాలలో టరాంట్యులా జాతి సాలెపురుగులను గాజుపెట్టెలలో పెంచు వేడుక కలదు. వారికి ఈ నీలి సాలెపురుగు మీద మిక్కిలి మోజు కలిగెను.

పెంపకము తేలికగా కనబడును. కీచురాళ్ళు, బొద్దింకలు ఆహారము. కొన్ని దినములకొకసారి వేసిన చాలును. అయితే కుబుసము విడుచు సమయమున ఇది ఏమియు తినదు. అప్పుడు పెట్టెలో వదలిన కీచురాయి, మెత్తబడియున్న సాలెపురుగునే కొరికి చంపవచ్చును. ఇది కరచినచో మనిషికి తీవ్రమైన నొప్పి, కండరముల ఈడ్పు కలుగును.

అసలు చిక్కు కొనుటలో ఉన్నది. పెట్టెలో పుట్టిన పిల్లకును, అడవిలో పట్టి తెచ్చినదానికిని భేదము కొనువాని కంటికి తెలియదు. ఆడది పదేండ్లకు పైగా బ్రతుకును. మగది అంతకాలము బ్రతుకదు. కనుక అడవినుండి ఒక ఆడదానిని తెచ్చినచో అనేక సంవత్సరముల సంతానము పోయినట్లే. మెక్సికోలోని ఎఱ్ఱమోకాళ్ళ టరాంట్యులాకు ఇట్టి గతియే పట్టగా, 1985లో దాని వ్యాపారమును అంతర్జాతీయ ఒడంబడిక అదుపులోనికి తెచ్చిరి.

మన నీలి సాలెపురుగు నివాసము 100 చదరపు కిలోమీటర్లకు లోపే. అచట వంటచెఱకునకు, కలపకు చెట్లు కొట్టుటయు సాగుచున్నది. అందుచే 2008లో దీనిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జీవులలో చేర్చిరి. 2019లో ఈ ప్రజాతి అంతయు ఆ ఒడంబడిక రెండవ పట్టికలోనికి వచ్చెను. అనగా అనుమతిపత్రము లేక దేశములు దాటించరాదు.

పెట్టెలో పుట్టిన పిల్లలు విదేశములలో ఎన్ని పెరిగినను, తొఱ్ఱగల ముదురు చెట్టు లేనిచో నల్లమలలో ఇది నిలువజాలదు. ఉపాధ్యాయులు విద్యార్థులకు ముందుగా చూపవలసినది ఆ చెట్టునే.