తెలుగు ఫాంట్ల లైసెన్సు వైరుధ్యాలు: పోతన2000 నుంచి లోహిత్ దాకా

ఆంధ్రమహాభాగవతం ఏకకర్తృకం కాదు. పంచమ స్కంధాన్ని బొప్పరాజు గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ, ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ రచించినట్లు స్కంధాంత గద్యలు తెలుపుతున్నాయి. పోతన పేరు పెట్టుకున్న కంప్యూటర్ ఫాంటు విషయంలో కర్తల పేర్లు నమోదు కావడం ఒక్కటే చాలదు. ఒకరి కృతిని మరొకరి కృతితో కలపాలంటే వాటి లైసెన్సు షరతులు కూడా పొసగాలి. భారత కాపీరైటు చట్టం (1957) కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యకృతిగానే పరిగణిస్తుంది. కనుక ఈ సమస్య సాహిత్య పరిశోధకులకు పరాయిది కాదు.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు జీపీఎల్ లైసెన్సు కింద వెలువడ్డాయి. ఈ లైసెన్సు మార్పుకూ పంపిణీకీ అనుమతిస్తుంది. అయితే మార్చి పంపిణీ చేసిన కృతి కూడా జీపీఎల్ కిందే ఉండాలంటుంది. రెడ్‌హ్యాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ ఫాంట్లు మొదట జీపీఎల్ కిందే ఉండి, 2011లో ఓఎఫ్‌ఎల్ 1.1కు మారాయి. ఫాంట్ల కోసమే రూపొందిన ఓఎఫ్‌ఎల్ సైతం మార్చిన ఫాంటు తన కిందే ఉండాలని నియమిస్తుంది. రెండూ స్వేచ్ఛనిచ్చేవే. అయినా పోతనలోని ఒక సంయుక్తాక్షర రూపాన్ని నేటి లోహిత్ తెలుగులో చేర్చి పంచితే, ఒకదాని షరతును పాటించడం మరొకదాన్ని ఉల్లంఘించడమవుతుంది.

ఈ చిక్కు ఫాంటు తయారీదారులతో ఆగదు. కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రచరిత్రను జీపీఎల్ ఫాంటులో కూర్చే పరిశోధకుణ్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కాగితంపై అచ్చువేస్తే ఇబ్బంది లేదు. పీడీఎఫ్‌గా వెలువరిస్తే ఫాంటు అందులో పొదిగి ఉంటుంది. అప్పుడు ఆ రచనకూ జీపీఎల్ వర్తిస్తుందా అన్న సందేహం పుడుతుంది. దాన్ని తొలగించడానికే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ‘ఫాంటు మినహాయింపు’ను సూచించింది. ఓఎఫ్‌ఎల్ అయితే పత్రానికి తన షరతులు వర్తించవని స్వయంగా ప్రకటిస్తుంది.

వైరుధ్య పరిష్కారానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది, హక్కుదారు అనుమతితో లైసెన్సు మార్చడం లేదా మినహాయింపు చేర్చడం. రెండవది, ఫాంట్లను కలపకుండా వేర్వేరు ఫైళ్లుగానే పక్కపక్కన పంపిణీ చేయడం. మూడవది, చిక్కు తెచ్చిన భాగాన్ని విడిచి కొత్తగా గీసుకోవడం.

వీటికి ముందు జరగవలసింది ప్రతి నిర్ణయం. 2011కు పూర్వపు లోహిత్ ప్రతులకు ఇచ్చిన జీపీఎల్ అనుమతి, తరువాతి మార్పు వల్ల రద్దు కాలేదు. కనుక పోతన రూపాలు నేటి లోహిత్‌తో పొసగకపోయినా, పాత లోహిత్‌తో కలిసే అవకాశం మిగిలి ఉంది. ఫాంటు పేరు ఒకటే. ప్రతిని బట్టి హక్కు మారుతుంది. తాళపత్రం ఏ కాలానిదో, ఎవరి లేఖనమో నిర్ణయించనిదే పరిష్కర్త పాఠాన్ని స్వీకరించడు. డిజిటల్ కూర్పులోనూ ఫాంటు కర్త, ప్రతిసంఖ్య, లైసెన్సు అనే మూడింటినీ పీఠికలో నమోదు చేయడం పరిష్కరణ విధిలో భాగం కావాలి. గద్యలు లేకుంటే గంగన, సింగన, నారయల కర్తృత్వం పోతన పేరులోనే కలిసిపోయే ప్రమాదముండేది. ఈ నమోదు లేకుంటే నేటి అక్షరశిల్పుల హక్కులకూ అదే ముప్పు.