ఉగాదికి ముందు నల్లమల దారి: శ్రీశైల పాదయాత్ర

శిశిరం ముగిసి వసంతం ప్రవేశించే వేళ, మహాశివరాత్రికీ ఉగాదికీ నడుమ, కర్ణాటక పల్లెల నుండి శ్రీశైలానికి బృందాలు బృందాలుగా సాగే పాదయాత్ర దక్షిణ భారతదేశంలోని ప్రాచీనమైన దూరపు నడకలలో ఒకటి. బాగల్‌కోటె, విజయపుర, బెళగావి, రాయచూరు జిల్లాల నుండియేగాక మహారాష్ట్రలోని సోలాపురం ప్రాంతం నుండి కూడ భక్తులు బయలుదేరుతారు. రెండు వారాలకు పైగా నడిచే బృందాలు సైతం ఉన్నాయి. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్‌ను ఆనుకొని, ఇంట తెలుగు, కచేరిలో కన్నడం పలికే పావగడ తాలూకా వారికి ఈ యాత్ర ప్రత్యేకంగా తెలుసుకోదగినది. రెండు భాషల వారినీ ఒకే కొండకు చేర్చే దారి ఇది.

చరిత్ర

పన్నెండవ శతాబ్దంలో అక్కమహాదేవి కళ్యాణ పట్టణాన్ని విడిచి శ్రీశైలానికి చేరి, అక్కడి కదళీవనంలో శివైక్యం పొందినట్లు వీరశైవ సంప్రదాయం చెబుతుంది. అల్లమప్రభువు పేరు కూడ ఆ వనంతోనే ముడిపడి ఉంది. పదమూడవ శతాబ్దపు కవి పాల్కురికి సోమనాథుడు తన ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణం పేరుతో ఒక భాగాన్నే శ్రీశైలానికి కేటాయించి, అక్కడికి పోయే యాత్రికుల సందడిని విస్తారంగా వర్ణించాడు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేసిన కవి కావడం గమనార్హం.

పద్నాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి రాతిమెట్లు కట్టించాడు. 1677లో దక్షిణ దండయాత్రకు వచ్చిన ఛత్రపతి శివాజీ శ్రీశైలాన్ని దర్శించాడు. ఘాటు రోడ్లు పడేవరకు ఈ క్షేత్రానికి రాజైనా, రైతైనా అడవి దారులలోనే రావలసివచ్చేది. బస్సు సౌకర్యం కలిగిన తరువాత కూడ నడక ఆగిపోకపోవడమే ఈ యాత్ర విశిష్టత.

ఆడపడుచు ఇంటికి

కన్నడ భక్తులు భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగాను, మల్లికార్జునస్వామిని అల్లుడుగాను భావిస్తారు. అందుచేతనే పండుగకు పుట్టింటి వారు సారె తీసుకుపోయినట్లు చీర, రవికె, పసుపు, కుంకుమలు మూటగట్టుకొని వస్తారు. కొందరు భుజాన కంబి మోస్తారు, కొందరు కట్టెకాళ్ళపై నడిచి మొక్కు తీర్చుకొంటారు. ఉగాది ముందు రాత్రి శ్రీశైలంలో జరిగే వీరాచార విన్యాసాలు, అగ్నిగుండ ప్రవేశం ఈ యాత్రకు పరాకాష్ఠ.

నల్లమలలోని చెంచులకు కూడ స్వామి అల్లుడే. మల్లన్న చెంచు కన్యను పెండ్లాడినాడని వారి కథ. అందువల్ల ‘చెంచు మల్లయ్య’ అని పిలుచుకొంటారు. ఆ విధంగా కన్నడ రైతుకూ, చెంచు పెద్దకూ ఆ దేవునితో ఒకే వరుస ఏర్పడింది.

అడవి దారి

మైదానంలో అనేక మార్గాలలో వచ్చే బృందాలు కర్నూలు దాటి, నేటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు పరిసరాలకు చేరుకొంటాయి. అక్కడికి సమీపంలోని వెంకటాపురం నుండి అడవి దారి మొదలవుతుంది. తొలి ప్రధాన మజిలీ వీరభద్రస్వామి ఆలయం ఉన్న నాగలూటి. తరువాత దామర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి మీదుగా దారి భీమునికొలను లోయలోకి దిగుతుంది. అక్కడి నుండి నిలువుగా ఉన్న రాతిమెట్లెక్కితే కైలాసద్వారం. ఆపై హాటకేశ్వరం మీదుగా క్షేత్ర ప్రవేశం. యాత్ర మొత్తానికి కష్టమైన ఘట్టం భీమునికొలను వద్ద వచ్చే ఆ ఎక్కుడే. రోజుల తరబడి నడిచి అలసిన కాళ్ళతో దానిని ఎదుర్కోవలసి ఉంటుంది.

మజిలీల పేర్లను గమనిస్తే దారి మర్మం బోధపడుతుంది. కుంట, చెరువు, బావి, కొలను: అన్నీ నీటి పేర్లే. పూర్వులు ఈ దారిని నీటి నుండి నీటికి వేసుకొన్నారు. ఈ ఋతువులో ఆకురాల్చిన అడవిలో నీడ పలుచనై, నీటి చెలమలు అడుగంటుతూ ఉంటాయి. మోదుగులు ఎర్రగా పూస్తాయి. ఇప్పపూలు రాలే కాలం కూడ ఇదే. ఆ పూలకోసం ఎలుగుబంట్లు చెట్లకిందికి వస్తాయి గనుక, తెల్లవారుజామున, మునిమాపున ఇప్పచెట్ల దాపుకు పోరాదు.

బృందం కట్టుబాటు

ఒంటరిగా ఈ అడవిలో నడవడం ఆచారం కాదు, క్షేమమూ కాదు. బృందంలో దారి తెలిసిన పెద్దమనిషి ముందు, బలమైన యువకులిద్దరు చివర ఉండడం మేలు. నడక వేగాన్ని నిర్ణయించవలసినది అందరికన్నా మెల్లగా నడిచేవారే. ప్రతి మజిలీలోను తలలు లెక్కించి గాని కదలరాదు. మైదానంలో తారురోడ్డు వెంట నడిచేటప్పుడు కుడిప్రక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేటట్లు, ఒకే వరుసలో సాగాలి. చీకటిలో తెల్లని వస్త్రం గాని, వెలుతురు పడితే మెరిసే పట్టీ గాని ధరించాలి.

దారి పొడుగునా గ్రామస్థులు, దాతలు అన్నదాన శిబిరాలు, మజ్జిగ పందిళ్ళు నడుపుతారు. కన్నడంలో దీనిని దాసోహమంటారు. అయితే వాటినే నమ్ముకొని వట్టిచేతులతో అడవిలో అడుగుపెట్టడం తగదు.

ఎండ, నీరు

ఈ యాత్రలో పులికన్నా ఎండకే ఎక్కువగా భయపడాలి. ఉదయం పది గంటలలోపు, సాయంత్రం నాలుగు గంటల తరువాత నడిచి, మధ్యాహ్నం నీడపట్టున విశ్రమించాలి. అడవి భాగంలో చీకటి పడకముందే మజిలీ చేరాలి గనుక తెల్లవారిన వెంటనే బయలుదేరడం అవసరం. దాహం వేసేవరకు ఆగక, కొద్దికొద్దిగా నీరు త్రాగుతూ ఉండాలి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే శోష తగ్గించే ద్రావణం సిద్ధమవుతుంది. చెంచా అంటే ఇక్కడ టీ చెంచా. కుంటలలో నిలిచిన నీటిని కాచకుండా త్రాగరాదు.

తోటి యాత్రికుడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బగా గ్రహించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసరుతూ, వైద్య శిబిరానికి తరలించాలి. స్పృహ తప్పినవాని నోట నీరు పోయడం ప్రాణాపాయం. మొక్కు పేరిట నడక కొనసాగించమని బలవంతపెట్టడం అంతకన్నా ప్రమాదకరం. హృద్రోగులు, చక్కెరవ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. కొత్త చెప్పులతో బయలుదేరరాదు.

అడవి నియమాలు

ఈ అడవి 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ క్రిందికి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. పాదయాత్ర మార్గం దక్షిణాన, నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉంది. సంవత్సరం పొడుగునా ఈ దారిలో నడిచే వీలు లేదు. శివరాత్రికీ, ఉగాదికీ మాత్రమే అటవీశాఖ కొద్ది రోజులు అనుమతిస్తుంది. ఆ తేదీలను ఏటేటా విచారించుకొని బయలుదేరాలి.

ఎండుటాకులు పరచుకొన్న ఈ కాలంలో ఆర్పని బీడీ ఒక్కటి చాలు, కొండవాలు తగులబడడానికి. వంట నిర్ణీత మజిలీలలోనే చేసుకోవాలి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు విడిచిపెట్టరాదు. ఉప్పు రుచికి జింకలు, కణుజులు వాటిని నమిలి మృత్యువాత పడతాయి. కుంటలలో సబ్బుతో స్నానం చేయడం, బట్టలుతకడం కూడదు. యాత్రికులు వెళ్ళిపోయిన తరువాత వర్షాకాలం వరకు అడవి మృగాలకు మిగిలేది ఆ నీరే.

పావగడ వారికి సూచన

పావగడ నుండి కల్యాణదుర్గం, అనంతపురం, కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరి, అక్కడి నుండి అడవి భాగం మాత్రమే నడిచి రావడం మొదటిసారి వెళ్ళేవారికి అనుకూలం. అభ్యాసానికి తాలూకాలోనే తగిన చోట్లున్నాయి. పావగడ కొండకోట మెట్లు, పూర్వం నిడుగల్లు చోళుల రాజధానియైన నిడగల్లు దుర్గం, వీటిని నెల రోజుల ముందు నుండి వారానికి రెండుసార్లు ఎక్కి దిగితే కాళ్ళకు బలం చేకూరుతుంది. తిరుమణిలో సూర్యరశ్మితో విద్యుత్తు పండించే తాలూకాకు ఎండ కొత్తది కాదు. కాని అలవాటైన ఎండ అని అలక్ష్యం చేయరాదు.

ఎనిమిది వందల ఏండ్ల క్రితం సోమనాథుడు చూచిన యాత్రికుల వరుస నేటికీ తెగలేదు. అటవీశాఖ అనుమతించే ఆ కొద్ది రోజులలో నడిచేవారు పాటించే క్రమశిక్షణను బట్టియే, రేపటి తరానికి ఈ దారి తెరచి ఉంటుందో లేదో తేలుతుంది.