ఊర పిచ్చుక: ఊళ్లలో నిలకడ, మహానగరాల్లో తగ్గుదల

ఊర పిచ్చుక మనిషి ఇంట్లోనే గూడు కట్టుకునే చిన్న పక్షి. మగదానికి గొంతు కింద నల్లటి మచ్చ ఉంటుంది, ఆడది లేత గోధుమ రంగులో ఉంటుంది. ఏటా మార్చి 20న, ప్రపంచ పిచ్చుకల దినోత్సవం నాడు, ఇది అంతరించిపోతోందన్న మాట వినిపిస్తుంది. లెక్కలు చెప్పేది కొంత వేరు.

లెక్కలు ఏమంటున్నాయి?

2012లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, మరికొన్ని సంస్థలు కలిసి 'సిటిజన్ స్పారో' సర్వే చేపట్టాయి. 2005కు ముందుతో పోలిస్తే పిచ్చుకలు తగ్గాయని అందులో పాల్గొన్నవారు చెప్పారు. అయితే అది జ్ఞాపకాలపై ఆధారపడిన సర్వే.

2020 ఫిబ్రవరిలో గుజరాత్ రాజధాని గాంధీనగర్‌లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక విడుదలైంది. పక్షి పరిశీలకులు నమోదు చేసిన కోటికి పైగా వివరాలే దీనికి ఆధారం. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగా ఉందని, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో మాత్రం క్రమంగా తగ్గుతోందని అది తేల్చింది.

నగరంలోనే ఎందుకు?

మొదటిది గూడు. పెంకుటిళ్ల చూరు, దూలాల సందులు, గోడల్లోని బొక్కలు పిచ్చుకకు ఆశ్రయం. కాంక్రీటు, అద్దాల భవనాల్లో ఆ సందులు లేవు.

రెండోది పిల్లల తిండి. పెద్ద పిచ్చుక గింజలతో బతుకుతుంది. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే కావాలి. పొదలు, ఖాళీ జాగాలు పోయి, పురుగుమందులు పెరిగితే పురుగులు దొరకవు.

సెల్‌ టవర్ల రేడియేషనే కారణమన్న ప్రచారానికి ఇప్పుడున్న ఆధారాలు బలం చేకూర్చడం లేదని 2020 నివేదిక పేర్కొంది.

గింజలు వేస్తే చాలా?

పక్షులకు తిండి పెట్టే ఆచారం మనకు కొత్త కాదు. తెలుగు పల్లెల్లో ఇళ్ల చూరుకు, గుళ్లలో వరి కంకుల కుచ్చులు కడతారు. తెలంగాణ నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సూరత్‌తో సహా గుజరాత్‌లో పక్షులకు గింజలు వేయడానికి 'చబూతరో' అనే కట్టడాలే ఉన్నాయి. అయితే 2001లో 24 లక్షలున్న సూరత్ జనాభా, నగర పరిధి కూడా పెరగడంతో, 2011 నాటికి 44 లక్షలు దాటింది. ఇంత వేగంగా పెరిగే ఏ నగరంలోనైనా గింజలు వేసే చేతులు మిగులుతాయి గానీ, గూటికి చోటు, పురుగులున్న పొద మిగలవు.

ఏం చేయవచ్చు?

సుమారు 32 మిల్లీమీటర్ల రంధ్రమున్న చెక్క పెట్టెను నేరుగా ఎండ పడని చోట, పిల్లులకు అందని ఎత్తులో కట్టాలి. పెరట్లో గోరింట వంటి పొదలు పెంచి, వాటిపై పురుగుమందు కొట్టకుండా ఉండాలి. గింజల గిన్నె, నీళ్ల మూకుడు ఆ తర్వాతి సంగతి.