సీలు లేని సంతకం

2024 జూన్ 1, శనివారం సాయంత్రం. గుంటూరు జిల్లా నేలపాడులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. వేసవి సెలవులైనా వెకేషన్ బెంచి ఏం చెబుతుందోనని ఎదురుచూపు. ఇంకాసేపట్లో టీవీల్లో ఎగ్జిట్ పోల్స్ మొదలవుతాయి. ఊరంతా వాటికోసం కాచుక్కూర్చుంది. ఇక్కడ నడుస్తున్నది మాత్రం రబ్బరు స్టాంపు పంచాయితీ.

పోస్టల్ ఓటుతో పాటు ఫారం 13ఏ అనే డిక్లరేషన్ ఉంటుంది. దాన్ని ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి, పేరు, హోదా, సీలు లేకపోతే? సంతకం చాలు, ఓటు చెల్లుతుందంది ఎన్నికల సంఘం. కుదరదంటూ వైఎస్సార్సీపీ తరఫున లేళ్ల అప్పిరెడ్డి కోర్టుకెక్కారు.

ఇంత చిన్న సీలుకు అంత రభస ఎందుకంటారా? మంగళవారం పొద్దున ఎనిమిదింటికి లెక్కింపు బల్ల దగ్గర నిలబడండి. పెద్ద కవరు చించుతారు. లోపల డిక్లరేషన్, దాంతో పాటు ఓటున్న చిన్న కవరు. ముందు డిక్లరేషనే చూస్తారు: సంతకాలున్నాయా, నంబరు కలిసిందా? తేడా వచ్చిందంటే చిన్న కవరు విప్పరు, అలాగే పక్కన పెట్టేస్తారు. ఏజెంట్లు మెడలు సాచి చూస్తుంటారు. ఆ ఓటు ఎవరికి పడిందో దేవుడికే ఎరుక.

గుంటూరుకు ఈ కవర్ల సంగతి బాగా తెలుసు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ మోదుగుల వేణుగోపాలరెడ్డి మీద గల్లా జయదేవ్ గెలిచింది 4,205 ఓట్లతో. చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ ఓట్లు అంతకంటే ఎక్కువే!

ఇక నేలపాడులో, అప్పిరెడ్డి పిటిషన్‌పై జస్టిస్ మండవ కిరణ్మయి, జస్టిస్ న్యాపతి విజయ్‌ల ధర్మాసనం తీర్పు వచ్చింది. ఎన్నిక నడుస్తుండగా కలగజేసుకోం, అభ్యంతరాలుంటే ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోండి అని సారాంశం. రాజ్యాంగం 329(బి) అధికరణం చెప్పేదీ, 1952లో పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చిందీ అదే. అప్పిరెడ్డి ఢిల్లీకి వెళ్లారు. జూన్ 3న, లెక్కింపుకు ముందురోజు, అక్కడా చుక్కెదురే.

సబబే. అడుగడుక్కీ స్టేలిస్తూ పోతే ఏ ఎన్నికా తెమలదు. చిక్కంతా ఫలితం వచ్చాకే. 45 రోజుల్లో పిటిషన్ వెయ్యాలి, రోజు దాటితే లేదు. ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చెయ్యమని చట్టం కోర్టుకూ చెబుతుంది గానీ, ఆ గడువును పట్టించుకునేదెవరు? కొత్తగూడెంలో 2018 డిసెంబరులో గెలిచిన వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదని, ఆయన చేతిలో ఓడిన జలగం వెంకట్రావే ఎమ్మెల్యే అని తెలంగాణ హైకోర్టు చెప్పేసరికి 2023 జులై 25. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబరులో మళ్లీ ఎన్నికలే వచ్చాయి.