బార్కస్‌లో అద్దెకు

తెల్లవారకముందే హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ సందులోకి అడుగుపెడితే మొదట తగిలేది నెయ్యి వాసన. పెద్ద దేగిశలో గోధుమలూ మాంసమూ మెత్తగా కలిసిపోయి హరీస్ అయ్యాయి. గళ్ల లుంగీల అరబ్బు మగవాళ్లు గిన్నెలతో నిలబడ్డారు. చక్కెర వేయాలా, వద్దా అని వడ్డించేవాడు అడుగుతున్నాడు.

నీకు పదేళ్లు. ఈ వీధికి అద్దెకొచ్చి ఎన్నాళ్లో కాలేదు. నాన్న చేయి వదలవు. నల్లగొండ పల్లెలో నాయనమ్మ ముద్దలు పెడుతూ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది: "తినకుంటే అరబ్బోడు ఎత్తుకపోతడు!"

ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. నిజాం రాజ్యంలో అరబ్బులు, రోహిలాలు బాకీ వసూలుకు ఆయుధాలతో గడపలో కూర్చున్న రోజులు ఉన్నాయి. వాళ్లను అదుపు చేయడానికి దివాన్ సాలార్‌జంగ్ చాలా అవస్థ పడ్డాడు. ఆ వడ్డీవ్యాపారం ఎప్పుడో పోయింది. బెదిరింపు మాత్రం పిల్లల దాకా వచ్చింది.

"పానీ ఆగయా!" ఎదురింటి పిల్లవాడి కేక. నల్లా దగ్గర బిందెల వరుస. అమ్మ బిందెను వాడే ముందుకు జరిపి, నిండాక నీతో కలిసి ఒక చెయ్యి పట్టి గడపదాకా మోస్తాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత వాళ్ల పెరట్లో జామచెట్టెక్కడానికి నిన్ను పిలవనక్కర్లేదు.

చెట్టుకింద వాళ్ల తాత మంచం. పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చారట. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారత్‌లో కలిశాక కొలువులు పోయాయి. ఎంతోమంది అరబ్బులను నిర్బంధించి, దేశం దాటించారు. "మా అబ్బా ఇక్కడే పుట్టాడు, ఎక్కడికి పోతాడు?" అంటూ తాత జామకాయ కోసి సగం నీ చేతిలో పెడతాడు.

కంటి ఆపరేషన్‌కని నాయనమ్మ వచ్చింది. ఆ సాయంత్రమే ఎదురింటి నానీ శొంఠి ఘాటు గహ్వా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాయనమ్మ కొంగు సర్దుకుని కాసేపు మాట్లాడలేదు. నానీ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ కూలబడేసరికి, నైజాం కాలంలో నేర్చిన ఉర్దూ నాయనమ్మ నోట్లోంచి తన్నుకొచ్చింది. "ఆపా, బహుత్ దర్ద్ హై క్యా?"

చీకటిపడేదాకా మోకాళ్లూ, కోడళ్లూ, బియ్యం ధరలూ. నిన్ను ఇద్దరూ పట్టించుకోలేదు.

ఊరికి వెళ్లాక నాయనమ్మ పంపిన సంచిలో నీకు సకినాలున్నాయి. అడుగున వావిలాకు కట్ట. "ముందు ఆపాకియ్యి. నీళ్లల్ల మసలబెట్టి కాపడం పెట్టుకోమను," అని ఫోన్‌లో నాయనమ్మ కేకలేస్తోంది. నువ్వు అప్పటికే వీధి దాటేశావు.