నారచీర – వేపచీర

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో గంగజాతర యనఁగనే వేపమండయుఁ బసుపునీళ్లును అంబలియును స్ఫురించును. పుంగనూరు సుగుటూరు గంగమ్మకుఁ గాని, చౌడేపల్లెచెంత బోయకొండ గంగమ్మకుఁ గాని, కుప్పము ప్రసన్న తిరుపతి గంగమ్మకుఁ గాని వేపాకు లేక కొలువు లేదు. ఈ యాకు దేవత కలంకారమగుటయే కాక భక్తునకుఁ గట్టుబట్టయు నగుచున్నది. అది సిగ్గు విడుచుటయా, సిగ్గు కాచుకొనుటయా యనునదియే ప్రశ్నము.

తిరుపతి గంగజాతరలోఁ దోటివేషమువారు మేన బొగ్గుపొడి పూసికొని వేపమండలు ధరింతురు. ఇంతకంటె స్పష్టమైన యాచారము ఆరణియేటి యొడ్డుననున్న పెరియపాళెము భవానియమ్మ సన్నిధిని గలదు. అచ్చటికి మన చిత్తూరుసీమవారును బోవుదురు. వేపమండలు మేనఁ గట్టుకొని గుడిచుట్టుఁ దిరుగుట మ్రొక్కు. దీనినిఁ దమిళులు వేప్పంజేలై యందురు. థర్‌స్టన్ దొర 1912లోఁ బ్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను.

దీనికిఁ దమిళసీమలోఁ జెప్పు కథ గమనింపఁదగినది. జమదగ్నితోఁ జితి యెక్కిన రేణుక, యింద్రుఁడు కురిపించిన వాన నగ్ని చల్లాఱఁగా, బట్ట కాలి, బొబ్బలెక్కిన మేనితో లేచి వేపాకులఁ గప్పుకొన్నదఁట. మశూచి పొక్కులకు వేపాకు వాడుట యెఱిఁగినవారి కీ కథ వింత గాదు. ఆకు పుండ్లకుఁ జలువ, మేనికి మఱుఁగు. నగ్నత యిచట వ్రతము గాదు, ఆపద. కన్నడసీమలోఁ జంద్రగుత్తి రేణుకాంబకుఁ జేయుచుండిన బెత్తలెసేవ వేఱు. అది నగ్నతనే మ్రొక్కుగాఁ గొన్నది. 1986లో ఘర్షణ జరిగిన పిమ్మట నిషేధింపఁబడెను. ఈ రెంటిని నొకటిగాఁ దలఁచి నిందించుట తగదు.

నారచీరయు నిట్టిదే. సంస్కృతమునఁ జీరశబ్దము వల్కలమునకుఁ గూడఁ జెల్లును. తెనుఁగునఁ జీర పూర్వము వస్త్రమాత్రమునకుఁ బేరు. సమోవా దీవులవారు ఒకజాతి మల్బరీచెట్టు లోపలి నారను మోది సియాపో యను బట్ట చేసి యుత్సవములఁ గట్టుదురు. 1830లోఁ గ్రైస్తవబోధకులు వచ్చిన తరువాత నా నారతోనే స్త్రీలకుఁ బైవస్త్రమును గల్పించిరి. మన రామాయణమునఁ గైక యిచ్చిన నారచీరను గట్టనేరక సీత సిగ్గుపడి నిలువఁగా, రాముఁడు స్వయముగా దానినామె పట్టుపుట్టముపైనే ముడివేసెను. పట్టును విడువలేదు, నారను ద్రోయలేదు.

పెరియపాళెమునను నేఁ డెక్కువమంది కట్టుబట్టపైననే వేపచీర చుట్టుకొనుచున్నారు.