పోరుమామిళ్ల శాసనం: చెరువు నిర్మాణంలో ప్రకృతి, సమాజం

ప్రవేశిక

వర్షాభావ ప్రాంతమైన రాయలసీమలో చెరువు ఊరి మనుగడకు ఆధారం. దానిని ఎక్కడ, ఎంత మేరకు నిర్మించాలన్నది సాంకేతిక నిర్ణయమే కాదు, సామాజిక నిర్ణయం కూడా. ఈ అవగాహన మధ్యయుగాల్లోనే ఉండేదనడానికి కడప జిల్లాలోని పోరుమామిళ్ల శాసనం సాక్ష్యం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువును గురించి క్రీ.శ. 1369లో వేయించిన సంస్కృత శాసనమిది. నిర్మాణం రెండేళ్లు సాగిందనీ, రోజూ వేయిమంది కూలీలు పనిచేశారనీ, రాయి తరలించడానికి నూరు బండ్లు వినియోగించారనీ ఇది తెలుపుతుంది.

పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను శాసనం పేర్కొంటుంది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీపినీటి నది, కట్టకు ఆనుకునే కొండ, సమీపంలో రాతిగని, సారవంతమైన ఆయకట్టు, నేర్పరులైన పనివారు వీటిలో ముఖ్యమైనవి.

అంగాలకంటె దోషాల పట్టిక లోతైనది. కట్టనుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం అనే మూడూ స్థల, నిర్మాణ దోషాలు. కొద్దిపాటి నీటికి విస్తారమైన ఆయకట్టు, అధిక జలానికి చాలని నేల అనే రెండూ నిష్పత్తి దోషాలు. ఇవి ప్రకృతి ఇవ్వగలిగినదానికీ మనిషి ఆశించేదానికీ మధ్య హద్దు గీస్తాయి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం ఆరో దోషం. నీరు కలహకారణం కారాదన్న వివేకం ఇందులో వ్యక్తమవుతుంది. కట్ట ఎంత దృఢమైనదైనా ఈ మూడు దోషాలను సరిదిద్దలేదు.

పట్టికలో లేనివారు

అయితే పన్నెండు అంగాలలో రాజుకు చోటుంది, నిర్మించే పనివారికి చోటుంది. తూము తెరిచి మడిమడికీ నీరు పంచే నీరుగంటికి లేదు. చెరువు పూర్తయిన నాటినుంచి దాని ఆయుష్షు మాత్రం ఆ చేతుల మీదనే ఆధారపడింది. కట్టుబడి, మరమ్మతులు చేసినవారికి భూమినో ఫలసాయంలో వాటానో ఇచ్చే దశబంధం పద్ధతి ఈ లోటును కొంత పూరించింది.

ముగింపు

1883లో మద్రాసు ప్రభుత్వం ప్రారంభించిన చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుకొని, 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ వరకు, పునరుద్ధరణ అనగానే పూడిక, కట్ట, తూములే ముందుకు వస్తాయి. పోరుమామిళ్ల శాసనం మరి రెండు ప్రశ్నలను చేర్చుతుంది: వచ్చే నీటికి తగిన ఆయకట్టు ఎంత? ఆ నీటిపై తగవు ఎక్కడ పుట్టగలదు? ఆ శాసనం విడిచిన మూడో ప్రశ్నను, అంటే నీరు పంచేవారి బతుకుతెరువును కూడా కలిపి చూసినప్పుడే చెరువు చరిత్ర సమగ్రమవుతుంది.